అభిమానుల అలక

క్రిందటి సంచిక చదువరుల చేతికి అందిన వారం రోజులకు మాకొక ఉత్తరం వచ్చింది. వ్రాసినవారు మన సంఘానికి పాత సభ్యులు. బ్యాంకిలో ఉద్యోగం, ఏభై దాటిన వయస్సు, బెంగుళూరులో వారిది మూడవ తరం. పేరు వేయవద్దని కోరారు గనుక వేయటం లేదు. పండుగ భోజనాలలో వడ్డన దగ్గర నిలబడి అందరికంటె ఆఖరున విస్తరి ముందు కూర్చునే మనిషి అని చెబితే మనవారిలో సగంమంది పోల్చుకుంటారు. ఆ మాత్రానికి వారు మమ్మల్ని క్షమించాలి.

సంగతి యిది. వారి అమ్మాయి కాలేజీలో చదువుతున్నది. 2022లో వచ్చిన 'స్ట్రేంజర్ థింగ్స్' అనే అమెరికా సీరియల్ నాలుగవ భాగం యీ మధ్యనే చూచిందట. అందులో చివర ఒక కుర్రవాడు గిటారుమీద 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' అనే పాట వాయిస్తాడు. మెటాలికా అనే బ్యాండువారి పాట, 1986 నాటిది. "నాన్నా, యీ పాట నీకు తెలుసా?" అని అడిగింది. తెలియక పోవటమేమిటి! ఆయన లేచి, అటక మీది అట్టపెట్టె దింపి, దుమ్ము దులిపి, ఆ క్యాసెట్టే తీసి చేతిలో పెట్టారు. పిల్లకు తండ్రి మీద పుట్టిన గౌరవం అంతా యింతా కాదు. పదిహేను మార్కుల ప్రశ్నకు పదిహేనూ వచ్చినట్టు వున్నదని ఆయన వ్రాశారు.

ఆ గౌరవం ఒక రాత్రి నిలిచింది. మర్నాడు పెట్టె అంతా వెదికి, "వీళ్ళవి అయిదు క్యాసెట్లు వున్నాయి. 1991 తరువాతది ఒక్కటీ లేదేం? చచ్చిపోయారా?" అని అడిగింది.

"చచ్చిపోలేదమ్మా, చెడిపోయారు."

"నువ్వు విన్నావా?"

"వినలేదు."

"వినకుండానే చెడిపోయారని ఎలా తెలిసింది?"

దీనికి వారివద్ద జవాబు లేకపోయింది. ఉత్తరం చివర ఒక వాక్యం వ్రాశారు. అది చదివినప్పటినుంచి మాకు స్థిమితం లేదు. "1996లో ఆ క్యాసెట్టు కొన్నది మీరు. అది చెత్త, డబ్బు దండుగ అని నాకు చెప్పినది గూడా మీరే. కాబట్టి అమ్మాయికి జవాబు మీరే చెప్పాలి" అన్నారు.

నిజమే. చెప్పినది మేమే.

జవాబుకు ముందు, యీ శీర్షిక చదివే పెద్దల కోసం రెండు మాటలు. బ్యాండు అంటే మన మేళం వంటిదే. మెటాలికాలో నలుగురు మనుషులు. రెండు గిటార్లు, ఒక బేస్ గిటారు, డ్రమ్ములు. 1981లో లాస్ ఏంజెలస్ నగరంలో లార్స్ ఉల్రిక్ అనే డెన్మార్కు కుర్రవాడూ, జేమ్స్ హెట్‌ఫీల్డ్ అనే అమెరికా కుర్రవాడూ కలిసి దీనిని ప్రారంభించారు. అప్పటికి యిద్దరికీ యిరవై యేళ్ళు నిండలేదు. వారిది రాక్ సంగీతంలో మిక్కిలి వేగమూ, మోతా గల శాఖ. త్రాష్ మెటల్ అంటారు. మొదటిసారి విన్నవారికి రోడ్డురోలరు నడవాలోకి వచ్చినట్టు వుంటుంది. చెవి కాస్త అలవాటు పడిన పిమ్మట లోపలి లెక్క తెలుస్తుంది. ఎనిమిది నిమిషాలకు పైబడిన పాటలో తాళం ఎక్కడ విరుగుతున్నదో, నడక ఎక్కడ మారుతున్నదో, మధ్యలో అంతా సద్దుమణిగి రెండు గిటార్లు జోడుగా ఎట్లా పలుకుతున్నవో, అదంతా కుదురుగా కట్టిన పని. మా యింట్లో మా నాయనమ్మ మాత్రం చివరిదాకా "ఆ మిషను ఆపరా" అనే అంటూ వుండేది.

మా కాలేజీ రోజులలో బెంగుళూరు యీ సంగీతానికి పుట్టిల్లు కాకపోయినా మేనత్త యిల్లు. ఒక్క క్యాసెట్టు హాస్టలులో పదిమంది చేతులు మారేది. టేపు చిక్కుపడితే పెన్సిలుతో చుట్టి సరిచేసేవాళ్ళం. మన ఉత్తరం వ్రాసిన మిత్రులూ, మేమూ అట్లా చేతులు మార్చుకున్నవాళ్ళలోనివాళ్ళం.

ఇక "ఎట్లా చెడిపోయారు" అనే ప్రశ్న. మేము వెనక్కు వెళ్ళి లెక్కలు చూస్తే ఒక తమాషా కనబడింది. వీరు చెడిపోయారనే మాట 1996లో పుట్టినది కాదు. రెండవ ఆల్బమ్ నాడే పుట్టింది. 1983లో 'కిల్ ఎమ్ ఆల్' వచ్చింది, అంతా వేగమే. మరుసటి యేడు 1984లో 'రైడ్ ది లైట్నింగ్' వచ్చింది. అందులో 'ఫేడ్ టు బ్లాక్' అనే పాట నెమ్మదిగా, మామూలు గిటారుతో మొదలవుతుంది. అది విని కొందరు తొలినాటి అభిమానులు "అమ్ముడుపోయారు" అన్నారు. ఆ పాటే యివాళ పాత బంగారమని అందరూ నెత్తిన పెట్టుకుంటున్నారు. 1989లో మొదటిసారి ఒక పాటకు వీడియో విడుదల చేశారు. అంతకు ముందు వీడియోలు తీయబోమని భీష్మించుకున్న బ్యాండు అది. మళ్ళీ అదే కేక. 1991లో బాబ్ రాక్ అనే నిర్మాతను పెట్టుకుని, పాటలు కురచచేసి, నడక తగ్గించి, నల్ల అట్టతో ఒక ఆల్బమ్ తెచ్చారు. అది అమెరికాలోనే 1 కోటి 60 లక్షల ప్రతులకు పైగా అమ్ముడయింది. అభిమానులు అక్కడ రెండుగా చీలిపోయారు. మన మిత్రులు 1991ని పెట్టెలో వుంచుకున్నారంటే ఉదారులనే చెప్పాలి. 1988తో ఖాతా మూసినవారు వున్నారు. 1986తో మూసినవారూ వున్నారు.

ఆ 1986తో మూసినవారి మాట మాత్రం కొట్టివేయదగినది కాదు. ఆ సంవత్సరం సెప్టెంబరు 27న స్వీడన్‌లో తెల్లవారుజామున వీరి బస్సు తిరగబడి, బేస్ గిటారు వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. నలుగురిలో సంగీతం చదువుకున్నవాడు, స్వరాలు ఎట్లా జోడించాలో తెలిసినవాడు అతడే. మిగిలిన ముగ్గురూ మరుసటి నెలలోనే జేసన్ న్యూస్టెడ్ అనే మరొకరిని తీసుకుని మళ్ళీ రోడ్డెక్కారు. మనవారిలో ఐతే మైల తీరకముందే అంటారు. ఆ కొత్తవాడితో చేసిన 1988 ఆల్బమ్‌లో బేస్ గిటారు వినబడనే వినబడదు. దుఃఖం ఎక్కడో పెట్టి, మూత బిగించి, పని చేసుకుపోయారు. అది లోపల ఏమి చేసిందో పదిహేనేళ్ళ తరువాత బయటపడింది. ఆ సంగతి ముందు వస్తుంది.

ఇప్పుడు మా నేరం దగ్గరకు వద్దాము. 1996 జూన్‌లో 'లోడ్' అనే ఆల్బమ్ వచ్చింది. పాటలకంటె ముందు ఫోటోలు వచ్చాయి. నలుగురూ జుట్టు కత్తిరించుకున్నారు! కళ్ళకు కాటుక పెట్టుకున్నారు! మనవారు తిరుపతి వెళ్ళి గుండు చేయించుకుంటే పుణ్యం; వీరు క్షవరం చేయించుకుంటే ద్రోహం అయింది. నవ్వవద్దు, మాకు అప్పుడు నిజంగా కడుపు మండింది. మేము గూడా ఆ యేడే ఉద్యోగంలో చేరి జుట్టు కత్తిరించుకున్నామన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు.

జేబులో వున్నదంతా ఊడ్చి క్యాసెట్టు కొన్నాము. గదికి వచ్చి పెట్టాము. వేగం లేదు. పాత కోపం లేదు. ఎక్కడో పల్లెటూరి అమెరికా పాటల వాసన, బ్లూస్ నడక. మొదటి వైపు ముగిసింది. మేము టేపురికార్డరు ఆపివేశాము. మర్నాడు మిత్రులకు ఫోను చేసి తీర్పు చెప్పాము.

చదువరులు గమనించారో లేదో, రెండవ వైపు త్రిప్పలేదు. ఇరవై తొమ్మిదేళ్ళకు పైగా యీ మాట ఎవరికీ చెప్పలేదు. ఇవాళ అచ్చులో చెబుతున్నాము.

ఈ ఉత్తరం వచ్చిన తరువాత, జవాబు చెప్పవలసినవాళ్ళం గనుక, కూర్చుని అన్నీ వరుసగా విన్నాము. పది రోజులు పట్టింది. యింట్లోవారి ఓర్పుకు కృతజ్ఞులం. 'లోడ్' 79 నిమిషాల పొడుగు. ఒక సీడీలో అంతకుమించి పట్టదు. చివరి పాట 'ది ఔట్‌లా టార్న్'ను అందులో ఇరికించటానికి దాని తోక ఒక నిమిషం కోశారు. ఆ పాట రెండవ వైపు చివరన వుంటుంది. మేము విననిది అదే. పదినిమిషాలకు దగ్గరి పాట. తొందరలేని బేస్ గిటారు మీద మొదలై, మెల్లగా మేఘం కమ్మినట్టు పెరిగి, మాటలు అయిపోయిన తరువాత గిటార్లు తమలో తాము మాట్లాడుకుంటాయి. పాత వేగం లేదు గాని పాత మనిషి వున్నాడు. మొత్తం ఆల్బమ్ గొప్పదని మేము యిప్పుడూ అనము. పద్నాలుగు పాటలలో అయిదారు తీసివేస్తే లాభమే గాని నష్టం లేదు. ఐతే చెత్త కాదు. ఆ మాట వాపసు తీసుకుంటున్నాము.

ఇదే ఉదారబుద్ధి 'సెయింట్ యాంగర్'కు చూపించలేము. అది 2003 జూన్‌లో వచ్చింది. దాని వెనుక కథ వినవలసినదే. 2001 జనవరిలో జేసన్ న్యూస్టెడ్ వెళ్ళిపోయాడు. అదే యేడు హెట్‌ఫీల్డ్ తాగుడు మానటానికి చికిత్సకు వెళ్ళి నెలల తరబడి రాలేదు. తిరిగి వచ్చిన తరువాత వైద్యుల కట్టడి మీద రోజుకు నాలుగు గంటలే పని. నలుగురి మధ్య మాటలు కుదరటం లేదని నెలకు 40,000 డాలర్లు యిచ్చి ఒక సలహాదారును పెట్టుకున్నారు. ఈ తగవులన్నీ దాచుకోకుండా సినిమా తీయనిచ్చారు. 2004లో అది విడుదలయింది. మన యిళ్ళలో అన్నదమ్ముల ఆస్తి తగవు చూచినవారికి అందులో కొత్తగా తోచేది ఏమీ వుండదు, భాష తప్ప. అందులో ఒక సన్నివేశం మాకు మిక్కిలి నచ్చింది. లార్స్ తండ్రి టోర్బెన్ ఉల్రిక్, ఒకప్పుడు డెన్మార్కు తరఫున డేవిస్ కప్పు ఆడిన టెన్నిస్ ఆటగాడు, బొడ్డుదాకా గడ్డం పెంచిన పెద్దాయన, కొడుకు వినిపించిన ఒక కొత్త ముక్క ఓపికగా విని, దీన్ని తీసివేయమని మెల్లగా చెబుతాడు. కొడుకు ముఖం చూడాలి. కోట్లమంది అభిమానించినా తండ్రి ముందు కొడుకు కొడుకే. ఆ పెద్దాయన 2023 డిసెంబరులో, 95వ యేట పోయారు.

ఆయన మాట ఆ ఒక్క ముక్క దగ్గరే ఆగకుండా డ్రమ్ముల దాకా వెళ్ళివుంటే ఎంత బాగుండేది! స్నేర్ డ్రమ్ము అడుగున సన్నని తీగలు బిగించి వుంటాయి. దెబ్బ పడినప్పుడు అవి అదిరి ఆ శబ్దానికి పదును యిస్తాయి. మన తంబురాలో తీగ క్రింద దారం తీసివేస్తే నాదం ఎట్లా బోసిపోతుందో చూచినవారికి సంగతి బోధపడుతుంది. లార్స్ ఆ అడుగు తీగలు వదిలివేసి ఆల్బమ్ అంతా వాయించాడు. ఫలితం ఖాళీ కిరసనాయిలు డబ్బా మీద గరిటె. డెబ్బై అయిదు నిమిషాలు! దానికి తోడు గిటారు తానాలు ఒక్కటీ లేవు. కచ్చేరీలో స్వరకల్పన నిషేధించినట్టు. ఇంతమాత్రం చేసిన ఆల్బమ్‌లోని పేరుపాటకే 2004లో గ్రామీ బహుమతి వచ్చిందంటే, బహుమతుల మాట మనకు తెలియనిది కాదు గదా.

ఐతే అక్కడే మేము ఒకటి చెప్పవలసివున్నది. ఆల్బమ్ వికారంగా వుంది గాని అబద్ధంగా లేదు. ఇల్లు కూలుతున్నప్పుడు చేసిన మోత అట్లాగే వుంటుంది. దానిని ద్వేషించిన అభిమానులలో కొందరు ఊరుకోలేదు. తామే గిటార్లూ, డ్రమ్ములూ పట్టుకుని ఆ ఆల్బమ్ మొత్తం మళ్ళీ వాయించి, డబ్బా మోత లేకుండా రికార్డు చేశారు. అంతకు ముందే 1988 ఆల్బమ్‌లో వినబడని బేస్ గిటారును పైకి తెచ్చి స్వంతంగా ప్రతులు తయారుచేసినవారు వున్నారు. 2008లో 'డెత్ మాగ్నెటిక్' వచ్చినప్పుడు పాటలు బాగున్నాయి గాని శబ్దం అంతా ఒకే ఎత్తుకు నొక్కివేసి చెవులు చిల్లులు పొడిచేట్టు అచ్చువేశారని, సరిచేయాలని వేలమంది సంతకాలు పెట్టారు. అదే పాటలు ఒక గిటారు ఆటలో పెట్టిన ప్రతిలో శుభ్రంగా వున్నాయని కనిపెట్టినదీ అభిమానులే. ఇష్టం లేని మనిషి యింత పని చేయడు. మేము 1996లో చేసినది అలక. వీరు చేసినది ఫిర్యాదు. రెండింటికీ చాలా తేడా వున్నది. ఫిర్యాదు చేసేవాడు మొత్తం విని చేస్తాడు.

ఇది ఒక్క మెటాలికా కథ కాదు. క్వీన్ వారు 1982లో 'హాట్ స్పేస్' తెచ్చి నాట్యం క్లబ్బుల దారి పట్టినప్పుడు ఇదే గోల. గన్స్ ఎన్ రోజెస్ వారు పదేళ్ళు దాటి చెక్కిన 'చైనీస్ డెమోక్రసీ' 2008లో వచ్చేసరికి పాతవారిలో గాయకుడూ మరొకరూ తప్ప మిగలలేదు. 2012 డిసెంబరులో బెంగుళూరు వచ్చినప్పుడు బోర్డు మీద పేరు అదే, గిటారు దగ్గర స్లాష్ లేడు. యూటూ వారు 2014లో కొత్త ఆల్బమ్‌ను అడగనివారి ఫోనులలో గూడా పడవేసి తిట్లు తిన్నారు. ఊరకే యిచ్చినది అందరూ తీసుకుంటారనుకోవటం పొరపాటు.

ఎందుకిట్లా జరుగుతుందంటే, మాకు తోచినది చెబుతాము. మొదటి ఆల్బమ్ వ్రాయటానికి కుర్రవాడికి అప్పటిదాకా బ్రతికిన జీవితమంతా గడువు. తరువాతివాటికి రెండేళ్ళు. మొదట ఒకే గదిలో పడుకుని, ఒకే రొట్టె పంచుకుని వాయిస్తారు. తరువాత ఎవరి యిల్లు వారిది, ఎవరి వకీలు వారికి. ఇరవై రెండేళ్ళ కోపం నలభై యేళ్ళ వయస్సులో నటిస్తే నాటకం అవుతుంది. నటించకపోతే అభిమాని ఊరుకోడు. అరవై దగ్గరపడిన హెట్‌ఫీల్డ్ 2023లో '72 సీజన్స్' తెచ్చాడు. డెబ్బై రెండు ఋతువులంటే మనిషి మొదటి పద్దెనిమిదేళ్ళు. పెద్దవాడు చిన్నతనం వైపు తిరిగి చూచి వ్రాసినది. వేగం వున్నది, నిడివి ఎక్కువ, కొన్ని పాటలు ఎప్పుడు ముగుస్తాయా అనిపిస్తుంది. ఐతే ఆ చూపు అరవై యేళ్ళవాడిదే, కుర్రవాడి వేషం కాదు.

మధ్యలో మా స్వంత గోడు ఒకటి చెప్పుకోవాలి. మన సంఘం నాటకాలు పాతవారికి జ్ఞాపకం వుంటాయి. రాయబారంలో కృష్ణుడు వేసే పెద్దాయన ఒకరు వుండేవారు. ఆయన పద్యం ఎత్తుకుంటే వీధిలో సైకిళ్ళు ఆగేవి. వన్స్‌మోర్! వన్స్‌మోర్! ఒకే పద్యం మూడుసార్లు పాడించేవాళ్ళం. 1993 ఉగాదికి ఆయన కిరీటం పెట్టెలో పెట్టి, స్వయంగా వ్రాసుకున్న చిన్న నాటిక వేశారు. ఊరు విడిచి వచ్చిన ఒక ముసలివాడి కథ. పద్యం లేదు, రాగం లేదు, మామూలు మాటలు. పది నిమిషాలు ఓపిక పట్టాము. తరువాత వెనుక బెంచీలనుంచి "పద్యం! పద్యం!" అని కేకలు. ఆయన కొంచెంసేపు ఆగారు. తరువాత ఆ వేషంలోనే, పంచె మీదనే, కృష్ణుడి పద్యం ఒకటి పాడి, దండం పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. మరుసటి ఉగాదికి పిలిస్తే గొంతు బాగులేదన్నారు. ఆ తరువాత ఎప్పుడూ బాగుపడలేదు. ఆ నాటిక చివర ముసలివాడు ఏమవుతాడో మాకెవరికీ తెలియదు. కాగితాలు ఆయన యింట్లోవారివద్ద గూడా దొరకలేదు. వెనుక బెంచీలో అరిచినవాళ్ళలో మేమూ వున్నాము.

ప్రవాసంలో వున్న మనబోటివారికి యీ జబ్బు కాస్త ఎక్కువేమో. తాతలు మోసుకువచ్చిన తెలుగు అట్లాగే దాచుకుంటాము. పెళ్ళికో పేరంటానికో ఆంధ్రదేశం వెళితే అక్కడివారు మరోలా మాట్లాడుతున్నారు. చెడిపోయిందని పెదవి విరుస్తాము. వారు మన మాట విని నవ్వుకుంటారు.

ఇక 2011 అక్టోబరు 30. చదువరులలో వెళ్ళినవారు కొందరుండవచ్చును. మెటాలికా మొట్టమొదటిసారి మన దేశంలో, మన బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. రెండు రోజుల ముందు గుర్గాఁవ్‌లో జరగవలసినది భద్రత లేదని ఆగిపోయి, అక్కడి జనం కోపంతో సామాను విరగగొట్టారు. దానితో ఎక్కడెక్కడివారో రైళ్ళెక్కి యిక్కడకు వచ్చారు. మిత్రులూ, మేమూ పక్కపక్కనే నిలుచున్నాము. పాత పాటలు ఎత్తుకున్నప్పుడు మాటలే కాదు, గిటారు పలికే స్వరాలను గూడా మైదానమంతా నోటితో పాడింది. 2008 నాటి పాట ఒకటి మొదలుకాగానే మా చుట్టుపక్కలవారు మంచినీళ్ళ సీసాల కోసం బయలుదేరారు. మేము గూడా బయలుదేరాము. వెనక్కు తిరిగి చూస్తే మిత్రులు కదలలేదు, కళ్ళు మూసుకుని వింటున్నారు. "రండి" అని మేమే చేయి పట్టుకుని లాగాము. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా వున్నది.

మర్నాడే, అక్టోబరు 31న, లూ రీడ్ అనే వృద్ధ కవి గాయకుడితో కలిసి చేసిన 'లూలూ' విడుదలయింది. అభిమానులు దానిని తిట్టినట్టు మరిదేనినీ తిట్టలేదు. లూ రీడ్ 2013లో పోయారు. 2015లో ఆయన భార్య లారీ ఆండర్సన్ ఒక సభలో చెప్పినదాని ప్రకారం, డేవిడ్ బోవీ అంతటివాడు ఆమెతో, లూ చేసినవాటిలో యిదే గొప్పది, జనానికి తెలియటానికి కాలం పడుతుందని అన్నాడట. మేము రెండుసార్లు విన్నాము. బోవీగారికి మిక్కిలి గౌరవంతో, మాకు యింకా కాలం పట్టేట్టు వున్నది.

అమ్మాయికి మా జవాబు ఉత్తరంలో వ్రాయలేదు. క్యాసెట్లు పెట్టిన పాత సూట్‌కేసు తెరిచి 'లోడ్' తీశాము. మూత తీసి చూస్తే టేపు మొదటి వైపు చివరనే ఆగివున్నది, 1996లో మేము ఆపినచోట. క్రిందటి ఆదివారం సంఘం గ్రంథాలయంలో దానిని మిత్రుల చేతిలో పెట్టి, జరిగినది చెప్పాము. ఆయన కాసేపు మమ్మల్ని చూచి, "అంటే సగం విని..." అని ఆగిపోయారు. తరువాత జేబులో వేసుకున్నారు.

బుధవారం ఫోను చేశారు. టేపురికార్డరు బెల్టు సాగిపోయివుంటే కొత్తది వేయించారట. తండ్రీ కూతుళ్ళు రెండు వైపులా విన్నారు. ముగిసేదాకా ఎవరూ మాట్లాడకూడదని అమ్మాయి షరతు పెట్టింది. ఆమె తీర్పు: సగం బాగున్నది, సగం సాగదీత. చివరి పాట మళ్ళీ పెట్టమన్నది. ఆయన అభిప్రాయం అడిగితే, యింకొకసారి విని చెబుతానన్నారు. వచ్చే వారం 'సెయింట్ యాంగర్' వింటారట. డబ్బా మోత సంగతి అమ్మాయికి ముందుగా ఏమీ చెప్పవద్దని కోరాము.